కోపం లెక్క

అనంతపురం,
ఆదివారం రాత్రి

రేయ్ బావా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. మర్చిపోలేదురా, రాయడానికి మొహం చెల్లలేదు. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది.

"మేనేజర్ కుర్చీలో కూర్చోబెట్టారు, మూడు రోజులు రిసార్టులో పెట్టి లీడర్‌షిప్ ట్రైనింగ్ ఇచ్చారు, భోజనాలు తప్ప ఏమీ గుర్తులేదు, శెనక్కాయల మిల్లు నడిపేవాడివి నువ్వైనా చెప్పు" అని రాశావు కదా. నేను చెప్పేదేముందిరా? ఈ సీజన్‌లో నేనో వెధవ పని చేశాను. అది రాస్తాను. పనికొచ్చేది ఉంటే ఏరుకో, పుచ్చులు పారెయ్.

దసరాకి నువ్విచ్చిపోయిన పుస్తకాలు రెండూ, అదే పాత గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్‌దీ, ఫ్యాక్టరీల్లో నాణ్యత గురించి పాఠాలు చెప్పిన అమెరికా ఆయన డెమింగ్‌దీ, నవంబరు దాకా కాటా చీటీల మీద బరువుకి పెట్టుకున్నాను. నిజం చెప్తున్నా, తిట్టుకోకు.

నవంబరులో చెన్నై వ్యాపారి ఒకాయన లోడు మొత్తం వెనక్కి పంపించాడు. గింజల్లో బూజు ఉందట. లారీ కిరాయి రానూ పోనూ నా నెత్తినే. మన సీమవాళ్ల కోపం అంటే సినిమావాళ్లకి సుమోలు గాల్లోకి లేవాలి గానీ, నాది అంత ఖర్చైనది కాదు. నేరుగా షెడ్డులోకి పోయి అరిచాను. అక్కడ పదకొండు మంది ఆడవాళ్లు చేటలు ముందు పెట్టుకుని గింజలు ఏరుతుంటారు. తల ఎత్తి ఒకసారి చూశారు, మళ్లీ చేటల్లోకి వంగారు. ఆ మౌనం చూసి ఇంకా మండింది.

మరుసటి రోజు నుంచి రిజిస్టర్ పెట్టాను. సాయంత్రం ఒక్కొక్కరి మూటలో చెయ్యి పెట్టి వంద గింజలు తీయడం, పుచ్చువీ బూజువీ ఎన్నో రాసుకోవడం, అందరికన్నా ఎక్కువ వచ్చినావిడకి కూలిలో ఇరవై రూపాయలు కోత. నాకైతే పెద్ద సైంటిస్టులా అనిపించింది. పన్నెండు రోజులు నడిపాను. అందులో నాలుగు రోజులు కోత పడింది పెద్దక్కకే.

పెద్దక్క నీకు గుర్తుందా? మనం కాలేజీలో ఉన్నప్పుడు మిల్లుకి వస్తే బెల్లం, వేయించిన శెనక్కాయలు కొంగులో కట్టి ఇచ్చేది. నాన్న కాలం నుంచి ఉంది. కాయను చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తుంది. ఎండిన కాయైతే లోపల గింజ గలగలమంటుంది. అనుమానం వస్తే ఒలిచి పంటి కింద పెడుతుంది. టక్కుమని విరిగితే సరే. మెత్తగా నలిగిందంటే ఉమ్మేసి, "ఇంకా రెండెండలు కావల్ల సామీ" అంటుంది. నేను పన్నెండు వేలు పెట్టి కొన్న తేమ మీటర్ కూడా దాదాపు అదే చెప్తుంది, కాస్త ఆలస్యంగా.

నాలుగోసారి కోత పడినప్పుడు ఒక్క మాటే అంది. "ఆ మూట ఏ కుప్పలోదో చూసినావా సామీ?"

"కుప్ప సంగతి నీకెందుకు, నీ చేతి సంగతి చూసుకో" అన్నాను. ఇప్పుడు రాస్తుంటేనే ఒళ్లు జలదరిస్తోంది.

ఆ ఆదివారం కరెంటు లేదు, ఫోన్లో చార్జింగ్ లేదు. వేరే గతి లేక డెమింగ్ తీశాను. ఆయన క్లాసుల్లో ఎర్రపూసల ఆట ఆడించేవాడట. నాలుగు వేల పూసలున్న డబ్బా, అందులో ఎనిమిది వందలు ఎర్రవి. యాభై గుంటలున్న చెక్కతో ముంచి తీయాలి. ఎర్రపూస వస్తే తప్పు కింద లెక్క. తక్కువ వచ్చినవాడికి మెప్పు, ఎక్కువ వచ్చినవాడికి తిట్లు.

చెల్లెలి పిల్లలు ఇంట్లోనే ఉన్నారు. మిద్దె మీద ఎనిమిది వందల శెనగ్గింజలు, రెండొందల చింతగింజలు లెక్కపెట్టి బకెట్లో కలిపాం. కళ్లు మూసుకుని యాభై తీయాలి. చింతగింజ వస్తే పుచ్చు కింద లెక్క. చిన్నదానికి ఆరు వచ్చాయి, పెద్దవాడికి పద్నాలుగు. "జాగ్రత్తగా తీయరా" అని వాడి నెత్తిన ఒక మొట్టికాయ వేశాను. రెండోసారి పదకొండు! చూశావా, మొట్టికాయ పనిచేసింది. చిన్నదాన్ని మెచ్చుకుని చాక్లెట్ ఇచ్చాను. దానికి ఈసారి పదమూడు. పొగిడితే చెడిపోతారని మా తాత అనేవాడు, నిజమే అనుకున్నా. అప్పుడు పెద్దవాడు మూతి ముడుచుకుని, "మామా, కళ్లు మూసుకుని తీస్తుంటే జాగ్రత్తేంది?" అన్నాడు.

తొమ్మిదేళ్లవాడురా.

లెక్క కూడా చేశాను, డిగ్రీలో నీ పక్కన కూర్చుని కాపీ కొట్టిన లెక్కే. యాభైకి సగటున పది రావాలి. ఇరవై శాతం, ఎనభై శాతం, యాభై, మూడూ గుణిస్తే ఎనిమిది, దాని వర్గమూలం 2.83. మూడు రెట్లు చేస్తే ఎనిమిదిన్నర. అంటే పదికి అటూ ఇటూ అంత, రెండు నుంచి పద్దెనిమిది దాకా ఏది వచ్చినా అది బకెట్ చేసే పనే, పిల్లల తప్పూ కాదు, గొప్పా కాదు. ఇట్లా కింద ఒకటి, పైన ఒకటి హద్దు గీతలు గీసి చూసే పద్ధతి షూహార్ట్ అనే ఆయన 1924లో, టెలిఫోన్ సామాన్లు చేసే కంపెనీలో ఉన్నప్పుడు కనిపెట్టాడు. డెమింగ్ దాన్నే 1950లో జపాన్ పోయి అక్కడి ఫ్యాక్టరీల వాళ్లకి నేర్పాడు. ఆయన అంచనాలో నూటికి 94 తప్పులు పద్ధతిలోవే, అంటే యజమాని సరిచేయాల్సినవే.

ఆ రాత్రే రిజిస్టర్ ముందు పెట్టుకుని కూర్చున్నా. పన్నెండు రోజులు, పదకొండు మంది, 132 శాంపిళ్లు. వందకి సగటు నాలుగు. ఇదే లెక్కన పది దాకా వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు. అన్నిటికన్నా ఎక్కువ వచ్చిందే తొమ్మిది. అంటే నేను కోసిన ప్రతి ఇరవై రూపాయలూ లాటరీకి వేసిన జరిమానా. ఇంకోటి తట్టింది. మనుషుల వరుస తీసేసి, కుప్పల వరుసలో మళ్లీ రాశాను. తేడా కళ్లకి కట్టింది. పెద్ద అంకెలన్నీ ఒక్క కుప్పవే, గోడౌన్‌లో తూర్పు గోడకి వేసినది. మేస్త్రీని అడిగితే తల గోక్కున్నాడు. "ఆ కుప్ప కష్టంగా ఉందని పెద్దక్కకే ఎక్కువ ఇచ్చినానన్నా, ఆమె అయితే బాగా ఏరుతుందని."

బాగా ఏరుతుందని కష్టమైన మూట ఇచ్చాం, కష్టమైన మూట ఏరిందని కోత వేశాం.

ఆ తూర్పు గోడ కుప్ప ఎట్లా వచ్చిందో కూడా చెప్పేస్తాను, దాచి ఏం లాభం. అక్టోబరు చివరి వానల్లో తడిసిన కాయ. తొమ్మిది శాతం లోపల ఉండాల్సిన తేమ మీటర్లో పన్నెండున్నర చూపించింది, నా కళ్లారా చూశాను. రేటు బాగా తగ్గించి ఇస్తున్నాడని, రెండెండలు కొడితే అదే సర్దుకుంటుందిలే అని కాటా వేయించాను. ఎండ కొట్టలేదు. తడిలో బూజు ఊరుకుంటుందా? పైగా ఆ బూజుతో అఫ్లటాక్సిన్ అనే విషం వస్తుంది. మంచిదేదో తెలిసి కూడా ఆశకి లొంగి చెడ్డది చేయడానికి అరిస్టాటిల్ ఒక పేరే పెట్టాడు, అక్రాసియా అని. 2,300 ఏళ్ల కిందటి మనిషి నా కాటా దగ్గర నిలబడి చూసినట్టు రాశాడు.

అట్లా ఆయన పుస్తకం తీశాను. నికోమాకియన్ ఎథిక్స్‌లో కోపం మీద ఒక భాగం ఉంది. కోపమే వద్దనడు, అది నాకు నచ్చింది. కోపం రావాల్సిన చోట రానివాణ్ని కూడా మెచ్చుకోడు. రావాల్సినవాళ్ల మీద, రావాల్సిన విషయానికి, రావాల్సిన తీరులో, రావాల్సినప్పుడు, ఉండాల్సినంత సేపు ఉండాలంటాడు. నేను ఐదింటికి ఐదూ తప్పాను. అక్కడే ఒకటి అర్థమైంది. కోపం ఎవరి మీద రావాలో తెలియాలంటే నాకు లెక్క కావాల్సి వచ్చింది, మంచితనం ఒక్కటే అయితే తూర్పు గోడ కుప్ప దాకా తీసుకుపోయేది కాదు. ఆదివారం రాత్రికి లెక్క తేలిపోయింది. కానీ పెద్దక్క ముందు నోరు పెగలడానికి శనివారం దాకా పట్టింది. ఆ ఆరు రోజులకి షూహార్ట్ దగ్గర గీతలేమీ లేవురా.

మొత్తం కోత ఎంతనుకున్నావు? 240 రూపాయలు. మనం టవర్ క్లాక్ దగ్గర ఉగ్గాని బజ్జీ తిని టీలు తాగితే అయ్యేంత. కవర్లో పెట్టి మేస్త్రీతో పంపిద్దామా అనుకున్నా. కూలీలో కలిపేసి ఊరుకుందామా అనుకున్నా. చేసిందేమో అందరి ముందు, సర్దుకునేదేమో చాటుగానా అని సిగ్గేసింది. ధైర్యం కూడా అలవాటుతోనే వస్తుందని అరిస్టాటిల్ అంటాడు, ఇళ్లు కట్టీ కట్టీ మేస్త్రీ అయినట్టు. తినగా తినగా వేము అని మన వాళ్లు ఎప్పుడూ అనేదే. నాకైతే అది మొదటి ఆకు, చేదుగానే ఉంది.

శనివారం బట్వాడా అప్పుడు రిజిస్టర్ తెచ్చి, అందరి ముందూ కుప్ప సంగతి చెప్పి, తప్పు నాదని అన్నాను. గొంతు ఎట్లా పలికిందో తెలియదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పెద్దక్క ఎనభై రూపాయలు రెండుసార్లు లెక్కపెట్టుకుని కొంగున ముడి వేసుకుని, "చెప్తే వినుంటే సరిపాయె కదా సామీ" అని పోయింది. బెల్లం మాత్రం ఇంకా పెట్టలేదు.

నీ ట్రైనింగ్ గురించి అడిగావు కదా. మీ ఆఫీసులో నెలకోసారి చివర వచ్చిన ఇద్దరి పేర్లు స్క్రీన్ మీద వేస్తారని రాశావు. ముందు ఆ బకెట్ ఆట ఆడించి చూడు, రెండొందలు కూడా ఖర్చు కాదు. కొలవడమే తప్పని మాత్రం అనుకోకు. టేలర్ అనే అమెరికా ఇంజనీరు కొలిచి కొలిచి ఒక కూలీ చేత రోజుకి పన్నెండున్నర టన్నుల ఇనుము మోసేచోట నలభై ఏడున్నర టన్నులు మోయించాడు, కూలీ 1.15 డాలర్ల నుంచి 1.85కి పెంచాడు. 1911లో పుస్తకం కూడా రాశాడు. ఆ పనికి పనికొచ్చేవాడు బుద్ధిలో ఎద్దులాంటివాడై ఉండాలని అందులోనే రాశాడు. మనిషిని ఎద్దుగా చూస్తే, ఏ కుప్పలోదో చూసినావా అని అతను అడిగినా వినపడదు. నాకు వినపడలేదు కదా.

అరిస్టాటిల్‌ని కూడా నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. బానిసత్వం సహజమేనన్నాడు. ఆడవాళ్లకి ఆలోచించే శక్తి ఉన్నా దానికి అధికారం లేదన్నాడు. కుర్రవాళ్లు లెక్కల్లో గట్టివాళ్లు కావచ్చు గానీ లోకజ్ఞానం మాత్రం ఏళ్ల మీదే వస్తుందని రాసిందీ ఆయనే. ఆ చివరి మాట ప్రకారం మా షెడ్డులో లెక్క వచ్చిన కుర్రాణ్ని నేను, జ్ఞానం ఉన్నది పెద్దక్కకి. పాపం, తన మాటతో తనకే చుక్కెదురు.

ఆయన ఇంకో పుస్తకంలో ఒక కథ ఉంది, నూనెగింజల వ్యాపారం చేసేవాడిగా నాకు భలే నచ్చింది. థేలీజ్ అనే తత్వవేత్తని, చదివి ఏం లాభం, చేతిలో పైసా లేదు అని వెక్కిరించారట. ఆయన నక్షత్రాలు చూసి ఆలివ్ పంట బాగా పండుతుందని పసిగట్టి, చలికాలంలోనే ఊళ్లో గానుగలన్నిటికీ కొద్దికొద్ది బయానా ఇచ్చి పెట్టుకున్నాడు. పంట వచ్చాక అందరూ ఆయన దగ్గరికే రావాలి, చెప్పిన రేటుకే. మా నాన్నకి చెప్తే, "అనంతపురంలో నక్షత్రాలు కాదురా, మబ్బులు చూడల్ల" అన్నాడు.

ఇప్పుడు మిల్లు సంగతి. కోతలు ఎత్తేశాను. రిజిస్టర్ ఉంది గానీ కుప్పల పేరు మీద. తేమ మీటర్ గేటు దగ్గర పెద్దక్క చేతికిచ్చాను. తొమ్మిది దాటితే కాటా వేయొద్దని, నేను చెప్పినా వేయొద్దని చెప్పాను. ఆ చివరి మాట ఊపులో అన్నాను. పోయిన బుధవారం మా మామగారి ట్రాక్టర్ వచ్చింది. కాయను చెవి దగ్గర ఆడించింది, మీటర్ పెట్టింది. పదకొండు. తోలుకుని పోయి ఎండబెట్టుకుని రమ్మంది. ఆయన నాకు ఫోన్ చేశాడు. నేను గోడౌన్‌లో ఉండి, సిగ్నల్ లేనట్టు రెండుసార్లు హలో హలో అని పెట్టేశాను. ధైర్యం గురించి పైన ఏం రాశానో నువ్వు మళ్లీ చదవొద్దు.

మీ చెల్లెలు రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. నువ్వు సంక్రాంతికి వస్తే నీ ముందైనా అన్నం సరిగ్గా వడ్డిస్తుంది, కచ్చితంగా రా. వచ్చేటప్పుడు బెంగళూరు నుంచి ఆ మీటర్‌కి తొమ్మిది ఓల్టుల బ్యాటరీలు నాలుగు తీసుకురా. పెద్దక్క ఒక్కటీ వదిలేట్టు లేదు, ప్రతి మూటకీ మీటర్ పెడుతోంది. ఇక్కడి బ్యాటరీలు వారం కూడా రావడం లేదు.

నీ
బావ