మోటరు బ్రాకెట్ సంగతి

నల్లగొండ

దోస్తూ,

మంచిగున్నవా? మిర్యాలగూడ రైస్‌మిల్లులకు చేసే మోటరు బ్రాకెట్లకు ఆటోడెస్క్ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఫ్యూజన్‌ల జనరేటివ్ డిజైన్ (మనం హద్దులు, పడే బలాలు చెప్తే కంప్యూటరే ఆకారం గీసిచ్చే పద్ధతి) పనికొస్తదా అని అడిగినవ్ కదా. పనికొస్తది. కానీ మనం చెప్పిందే దానికి తెలుస్తది, చెప్పనిది తెల్వదు.

వడ్లు పైకెత్తే ఎలివేటర్ మీద 2 హెచ్‌పీ మోటరునే తీస్కో. ముందు ప్రిజర్వ్, అంటే ముట్టొద్దని చెప్పే భాగాలు. కాళ్లకు ఎం8 బోల్టులు, 9 మిల్లీమీటర్ల బెజ్జం, చుట్టూ 20 మిల్లీమీటర్ల రింగు. తర్వాత అబ్‌స్టకిల్, మెటీరియల్ రావొద్దన్న జాగ. మోటరు, బెల్టు దారి అందరికీ యాదికుంటయ్, పానానే మర్చిపోతరు. 13 నంబరు బాక్సు పానా దిగనీకి రింగు మీద 22 మిల్లీమీటర్ల మందం, 60 పొడుగు సిలిండర్ పెట్టు. లేకుంటే బోల్టు పక్కనే కొమ్మ లెక్క మెటీరియల్ మొలుస్తది, పానా దూరదు. బెల్టు బిగించనీకి మోటరును జరిపే స్లాటు (పొడుగు బెజ్జం) ఉంటే రింగు, సిలిండర్ రెండూ స్లాటు పొడుగంతా ఉండాలె.

అసలు పని లోడ్ల కాడ, అంటే బ్రాకెట్ మీద పడే బలాల కాడ ఉంటది. మోటరు 25 కిలోలైతే కిందికి 245 న్యూటన్లు. 1440 ఆర్‌పీఎం, 100 మిల్లీమీటర్ల పుల్లీ అనుకుంటే టార్క్ (తిప్పే బలం) 10 న్యూటన్ మీటర్లు, బెల్టు గుంజుడు 400 నుంచి 500 న్యూటన్లు. స్టార్టయ్యేటప్పుడు 1000 పట్టుకో. ఆ గుంజుడు పడేది బెజ్జాల కాడ కాదు, 90 మిల్లీమీటర్లు పైన షాఫ్టు కాడ. అందుకని 90 న్యూటన్ మీటర్ల మొమెంట్ (వంచే బలం) కూడా ఇయ్యాలె, ఇయ్యకుంటే బ్రాకెట్ సన్నగొస్తది. ఇంకోటి, మిల్లుల ఎవరో ఒకరు దానిమీద కాలు పెట్టి ఎక్కుతరు, దానికి కిందికి 800 న్యూటన్లు వేరే కేసు (విడిగా లెక్కించే లోడ్ల జత) పెట్టు. ఎదురెదురు లోడ్లు ఒకే కేసుల పెడితే ఒకదాన్నొకటి కొట్టేస్కుంటయ్. సేఫ్టీ ఫ్యాక్టర్ 3 ఉంచు, అంటే పడే లోడుకు మూడింతలు ఆగేటట్టు.

లెక్క అయ్యేది క్లౌడ్‌ల, పైసలు పడతయ్, అందుకే ముందు ప్రీచెక్ (అన్నీ సరిగ్గ ఇచ్చినమా అని చూసేది) చూస్కో. మొదలు అన్‌రిస్ట్రిక్టెడ్‌ల, అంటే తయారీ పద్ధతి హద్దు పెట్టకుండ, నడుపు. ఎముకల లెక్క ఒంపులు తిరిగిన ఆకారమొస్తది, అది మన షాపుల కాదు. మెటీరియల్ ఎటు పోతందో మాత్రం చూసి, ఆ దారిల 8 మిల్లీమీటర్ల ప్లేటుతోటి గసెట్లు (మూలల బలానికి పెట్టే ముక్కలు) గీసి వెల్డింగు చెయ్యి. 2018ల జనరల్ మోటార్స్ సీటు బ్రాకెట్‌ను 8 ముక్కల నుంచి ఒక్కటి చేసి 40 శాతం బరువు తగ్గించింది నిజమే. కానీ కారుకు గ్రాము ముఖ్యం, మిల్లుకు వెల్డింగు నిలబడుడు ముఖ్యం.

ఇది చూసేది కదలని లోడే. మిల్లు అదురుడు, ఏండ్లకొద్దీ లోహానికొచ్చే అలసట దాని లెక్కల లేవు. సన్న కొమ్మలను నమ్మకు. గీసినంక స్టాటిక్ స్ట్రెస్ (కదలని లోడుకు ఒత్తిడి ఎంతో చూసే పరీక్ష) మళ్ల నడిపి చూడు.

ముందుగాల మోటరు నేమ్‌ప్లేట్ ఫోటో, పుల్లీ కొలత పంపు. లోడ్లు ఇద్దరం కూసోని రాద్దాం.

నీ దోస్తు