గుంటణ్ణి తిట్టనివ్వకు అక్కా

అక్కా,

నీ వాయిస్ మెసేజ్ విన్నా. చిన్నోడు మళ్ళీ పక్క తడుపుతున్నాడు, రాత్రిళ్ళు నీ కొంగు వదలట్లేదు, అమ్మేమో ఏడేళ్ళొచ్చి ఇదేం బుద్ధిరా అని కేకలేస్తోంది అన్నావు. వాడిది మొండితనం కాదే, జడుసుకున్నాడు. వైజాగ్ ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఆటో తిరగబడి వాళ్ళ నాన్న రక్తం కళ్ళారా చూశాడు గుంటడు, పెద్దోళ్ళం మనకే ఇంకా చేతులు వణుకుతుంటే వాడెంతని.

ఇక్కడ డల్లాస్‌లో నేను చేసే స్కూల్లో ఇలాంటి పిల్లలొస్తే కౌన్సిలర్ మాక్కూడా చెప్తుంది, పక్క తడపడం, కడుపు నొప్పి, స్కూలుకి పోననడం ఇవన్నీ మామూలేనంట. బొమ్మ ఆటోని సోఫా మీంచి పడేస్తాడు, మళ్ళీ ఎక్కిస్తాడు, మళ్ళీ పడేస్తాడు అన్నావే, అది లాక్కోకు. నోటితో చెప్పలేంది అలా చెప్తున్నాడు. పక్కన కూర్చుని 108 వచ్చినట్టు, నాన్నని కేజీహెచ్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళినట్టు, కట్టు కట్టినట్టు నువ్వూ ఆడు, వద్దంటే ఊరుకో.

మర్చిపోరా అనకండి, నాన్నకేం కాలేదనీ అనకండి, ఎదురుగా కట్టు కనబడుతుంటే ఎలా నమ్ముతాడు. కాలు విరిగింది, రాడ్ వేశారు, మెల్లగా నడుస్తాడు అని ఉన్నది చెప్పండి. బీచ్‌కి పోదామని ఆరోజు మారాం చేసింది వాడే కదా, తన వల్లే అనుకుంటున్నాడేమో, నీ తప్పు కాదురా అని బావే చెప్తే మంచిది. తిండి, స్కూలు, పడక మాత్రం రోజూ ఆ టైముకే.

2014లో హుద్‌హుద్ తుపాను పోయాక మన వీధిలో పాలు, నీళ్ళు, కరెంటు గొడవే గానీ పిల్లల్ని ఎలగున్నావని ఎవరడిగారు చెప్పు? పిన్ని కూతురు ఇప్పటికీ తుపాను అంటే చాలు కిటికీ గడియలు చూసుకుంటుంది. 2020 మేలో వెంకటాపురం గ్యాస్ లీకప్పుడు తెల్లారకుండానే అమ్మానాన్నల భుజాల మీద ఊరు దాటిన పిల్లలు ఎలా ఉన్నారో అని కూడా అనిపిస్తుంది.

నెల దాటినా తగ్గకపోతే కేజీహెచ్ సైకియాట్రీ ఓపీకో, చినవాల్తేరు ఆసుపత్రికో తీసుకెళ్ళు. ‘పిచ్చాసుపత్రి’ అంటారని బావ మొహమాటపడతాడు, పడనీ. ముందు 14416కి ఫోన్ చెయ్యి, టెలీమానస్ అని మనసు బాగోలేనప్పుడు మాట్లాడే గవర్నమెంటు హెల్ప్‌లైన్, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు. మాటలతో చేసే ట్రీట్‌మెంట్ ఉంది, చిన్నపిల్లలకైతే అమ్మానాన్నల్ని కూడా కూర్చోబెడతారు. నువ్వు నిద్రపోవట్లేదని కూడా చెప్పు అక్కడ, నువ్వు ఉలిక్కిపడితే వాడూ ఉలిక్కిపడతాడు.

అమ్మ కట్టించిన తాయెత్తు ఉండనీ, దాంతో గొడవేం లేదు, కేకలు మాత్రం ఆపమను. ఆదివారం పొద్దున వీడియో కాల్ చేస్తా, వాణ్ణి బలవంతంగా ఫోన్ ముందుకి తేకు.

నీ చెల్లి