జంఝావతి రబ్బరు గుడ్డకు పరీక్ష ఎప్పుడు? మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

జంఝావతి ఆయకట్టు రైతు నమస్కరించి రాసేది. ఒడిశాతో ముంపు పేచీ, 24,640 ఎకరాలకు నీరిస్తామన్న మాట, అందులో మా పొలాలకు దక్కినదెంతో మీకు తెలియనివి కావు. వాటి జోలికి ఈసారి పోను. నా బెంగంతా ఆ రబ్బరు డ్యాం గురించి, అంటే జంఝావతి నదికి అడ్డంగా ఉబ్బించి నిలిపే ఆ రబ్బరు గుడ్డ సంచి గురించి.

2006 జనవరి 1న అప్పటి ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు ప్రారంభించినప్పుడు, దేశంలోనే మొదటిదని మేమూ పొంగిపోయాం. ఇలాంటి సంచులకు పాతికేళ్లో ముప్పయ్యేళ్లో ఆయుష్షు అంటారు. మరి ఇంకెంత బలం మిగిలిందో పరీక్షించి చెప్పండని ఐదు అర్జీలు పెట్టాను. ఐదింటికీ ఒకటే జవాబు, ‘పరిశీలనలో ఉంది’. ఉన్నది డ్యామో, నా అర్జీయో అర్థం కాలేదు.

కాంక్రీటు గోడ తన బరువుతో నిలబడుతుంది. గుడ్డకు ఆ బరువు లేదు, వంగకుండా ఆపుకునే గట్టిదనమూ లేదు. లాగుడు ఒక్కటే దాని ఆధారం. సివిల్ చదివే మా అబ్బాయి శిస్తు రసీదు వెనక లెక్క వేసి చూపించాడు: లోపలి ఒత్తిడిని వంపు వ్యాసార్ధంతో గుణించాలట. 3 మీటర్ల నీటికి సమానమైన ఒత్తిడి, 1.5 మీటర్ల వ్యాసార్ధం అనుకుంటే, మీటరు వెడల్పు గుడ్డను దాదాపు నాలుగున్నర టన్నులు లాగుతాయి. ఆ లాగుడంతా చివరికి అడుగున బోల్టులు బిగించిన అంచు మీదే పడుతుంది. వరదకు సంచిని దించిన ప్రతిసారీ మడత, ఆ మడత మీద రాళ్లు, దుంగలు. పాత సైకిల్ ట్యూబును మడిచి చూడండి, పగుళ్లు మొదట మడత దగ్గరే కనిపిస్తాయి. పంక్చర్ వేసే కుర్రాడికి తెలిసిన సంగతి ఇది. మీ ఇంజనీర్లకు తెలియదని నేననను. తెలిస్తే కాగితం మీద పెట్టడానికి ఇంత మొహమాటం ఎందుకు?

కొత్త డ్యాం అడగడం లేదు, శంకుస్థాపనలూ వద్దు. గుడ్డ లాగుడు లెక్క, అంచు బోల్టుల తనిఖీ, నమూనా ముక్క పరీక్ష ఫలితం, ఈ మూడూ తెలుగులో రాయించి పంచాయతీ గోడకు అంటించండి. అన్నీ వీలుకాకపోతే కనీసం తనిఖీ తేదీ చెప్పండి. అదీ కుదరకపోతే, దయచేసి ఈ ఆరో అర్జీకి వేరే జవాబైనా రాయించండి.

ఇట్లు,
ఒక ఆయకట్టు రైతు