డాక్యుమెంటేషన్‌లో పాత లింకులు మార్చేద్దాం

అందరికీ నమస్తే. మన సాఫ్ట్‌వేర్ లైబ్రరీ డాక్యుమెంటేషన్‌లో చాలా రిఫరెన్స్ లింకులు పాతబడిపోయాయి, ఈ శని, ఆదివారాల్లో సరిచేద్దాం. ఎవరు ఏ పేజీ తీసుకుంటున్నారో ఇక్కడే చెప్పండి.

ముందు స్ఫింక్స్‌లో (డాక్యుమెంటేషన్ తయారుచేసే టూల్) లింకులను పరీక్షించే లింక్‌చెక్ నడపండి. 404 (పేజీ దొరకలేదు) అని వచ్చేవాటిని అది పట్టేస్తుంది గానీ, పేజీ తెరుచుకున్నా సమాచారం కాలం చెల్లిపోయినవి దానికి తెలియవు, అవి మనమే చదివి చూడాలి. హెచ్‌టీటీపీ (వెబ్ పేజీలు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) గురించి చదివేవాళ్లను మనం ఇంకా ఆర్‌ఎఫ్‌సీ 2616 అనే పాత ప్రమాణ పత్రానికే పంపుతున్నాం, దాని స్థానంలో 2014లో 7230 వరుస, 2022లో 9110 వరుస వచ్చేశాయి! సెక్షన్ నంబర్లూ మారాయి, జాగ్రత్త.

కొత్త చిరునామా దొరక్కపోతే వేబ్యాక్ మెషీన్ (పాత వెబ్ పేజీలను భద్రపరిచే సైట్) కాపీ పెట్టండి, లింక్ మాత్రం తీసేయొద్దు, కొత్తగా నేర్చుకునేవాళ్లకు అదే ఆధారం.

పుల్ రిక్వెస్టులు (మీ మార్పులను కలపమని పంపే అభ్యర్థనలు) ఆదివారం రాత్రి 8 లోపు పంపాలి. వాటిలో వేరే మార్పులు కలపకండి ప్లీజ్.