రాగి చెంబూ, గాలి సోకిన కుర్రాడూ

సంపాదకుల వారికి,

రెండు వారాల కిందట మీ ఆరోగ్య పేజీ రాగి చెంబు నీళ్ళకు అర పేజీ హారతి పట్టింది. అదే రోజు జిల్లా పేజీలో, ‘గాలి సోకిన’ కుర్రాడికి తాయెత్తు కట్టించిన వార్త. ఆ కుర్రాడిది విల్సన్ వ్యాధేనని అనను. చూడాల్సింది ఎవరైనా చూశారా అని అడుగుతున్నాను.

1912లోనే వర్ణించిన జబ్బు ఇది. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ చెడ్డ జన్యువే వస్తే, తిండిలోని రాగిని కాలేయం పైత్యరసంలోకి తొయ్యలేదు. అది పేరుకుని కాలేయం వాస్తుంది, తర్వాత మెదడుకు ఎక్కుతుంది. బాగా చదివే పిల్ల చదువులో జారిపోతుంది, అయినదానికీ కానిదానికీ విరుచుకుపడుతుంది. చేతిరాత చెడి, మాట ముద్దయి, చొంగ కారేదాకా పిచ్చి కిందే జమ. పిచ్చికిచ్చే మందులతో వీళ్ళకు ఒళ్ళు బిగుసుకుపోవడం ఎక్కువ. అదీ పిచ్చి ముదరడమేనని డోసు పెంచితే ఇక చెప్పేదేముంది!

కంటి డాక్టరు స్లిట్ ల్యాంప్‌తో, అంటే కంటిని పెద్దది చేసి చూపే పరికరంతో, నల్లగుడ్డు అంచున రాగి పేరుకున్న వలయం ఉందేమో చూడాలి. మన ముదురు కళ్ళలో టార్చికి అది చిక్కదు. రక్తంలో రాగిని మోసే ప్రొటీన్ సెరులోప్లాస్మిన్ డెసిలీటరుకు 20 మిల్లీగ్రాముల లోపు ఉంటే అనుమానించాలి. కాలేయం వాచి ఉన్నప్పుడు అది మామూలుగానూ కనిపించవచ్చు, కాబట్టి అక్కడితో ఆగకూడదు. 24 గంటల మూత్రంలో రాగి 100 మైక్రోగ్రాములు దాటిందా అన్నది చూడాలి. పొద్దున తొలి మూత్రం పారబోసి, మర్నాడు అదే వేళదాకా ప్రతి చుక్కా ల్యాబు ఇచ్చిన ప్లాస్టిక్ డబ్బాలోనే పట్టాలి. ఒక్కసారి మరిచినా లెక్క తప్పుతుంది.

మందు 1956 నుంచీ ఉంది: పెనిసిలమైన్. షాపులో అడిగితే పెనిసిలిన్ చేతిలో పెట్టే మహానుభావులున్నారు, చీటీ చూసుకోండి. తిండికి గంట ముందో రెండు గంటల తర్వాతో, బి6 మాత్ర తోడుగా వాడాలి. డాక్టరు కొద్ది మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. ఒక్కసారిగా పెంచితే వణుకు ఎక్కువ కావచ్చు. నయమైందని మానేస్తే కాలేయమే కుప్పకూలవచ్చు.

ఇంట్లో ఒకరికి తేలితే తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ నాలుగో వంతు అవకాశం. మేనరికాలు తరాలుగా సాగే మన ఊళ్ళలో ఈ ముక్క చెప్పే గోడ రాత ఒక్కటి కనిపించదు. బడుల్లో ఆరోగ్య పరీక్షలంటే ఎత్తూ బరువూ రాసుకుని ఫొటో దిగడమేనా?

ఇక చెంబు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు మంచినీళ్ళు తాగితే తాగనివ్వండి. ఈ రోగులకు మాత్రం వద్దు. పులుపు తగిలితే రాగి దిగుతుందనే మన పెద్దలు గిన్నెలకు కళాయి పెట్టించేవారు. మీ వ్యాసం అందులో నిమ్మకాయ పిండుకోమంది!

— ఒక పాఠకుడు, తెనాలి