అమ్మ ఉపవాసం, ఎలుక ఉపవాసం

ఎడిటర్ గారికి నమస్కారం.

ఉపవాసంతో షుగర్ దిగొస్తుందని పోయిన నెల మీ ఆరోగ్యం పేజీలో పెద్ద హెడ్డింగ్ పెట్టారు. మా అమ్మ దాన్ని కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించుకుంది. మర్నాడు పొద్దున షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర మాత్రం వేసుకుని, టిఫిన్ మానేసి మంచినీళ్లతో సరిపెట్టింది. పదకొండున్నరకి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, వంటింటి గడప మీదే కూలబడింది. గ్లూకోమీటర్‌లో 54. పంచదార నీళ్లు తాగించాక తేరుకుంది గానీ మా టెన్షన్ సాయంత్రం దాకా తగ్గలేదు. తర్వాత ఆ కటింగ్ తీసి మొత్తం చదివితే నాలుగో పేరాలో ఒకే ఒక్క మాట ఉంది, చిట్టెలుకల్లో అని!

నేను పన్నెండేళ్లు ఒక యానిమల్ హౌస్‌లో, అంటే ప్రయోగాల కోసం ఎలుకల్ని ఉంచే చోట, పనిచేశాను. చిట్టెలుక బరువు పాతిక గ్రాములు, రోజుకి తినేది నాలుగైదు గ్రాముల పెల్లెట్లు, అదీ ఎక్కువగా రాత్రిపూటే. పొద్దున్నే మిగిలిన మేత తూకం వేసి రాసుకోవడం నా డ్యూటీ. ఒక్క రోజు మేత తీసేస్తే దాని బరువులో పదో వంతు దాకా పోతుంది. అరవై కిలోల మనిషి ఒక్క పూర్తి ఏకాదశికి ఆరు కిలోలు తగ్గడం ఎక్కడైనా చూశామా? పైగా ఆ గదుల్లో ఏసీ 22 డిగ్రీల దగ్గర ఉంటుంది, మనకి హాయిగానే ఉంటుంది గానీ వాటికి హాయి 30 దగ్గర, అందుకే ఒక్కో పెట్టెలో ఉన్న ఐదూ ఒకే మూల వరిపొట్టులో ఒకదాని మీద ఒకటి ఎక్కి పడుకుంటాయి, తిన్నదాంట్లో చాలా భాగం ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికే ఖర్చవుతుంది. మేత సంగతీ అంతే. ప్రయోగాల్లో కొవ్వు ఎక్కువ మేత అంటే సగానికి పైగా కేలరీలు పంది కొవ్వు లాంటి వాటి నుంచి వచ్చేది. దాన్ని మామూలు ధాన్యం పెల్లెట్లతో పోలిస్తే పీచు, చక్కెర కూడా మారిపోతాయి, మరి తేడా దేనివల్ల వచ్చినట్టు?

పంచదార బదులు వాడే శాకరిన్ కథ పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. మేతలో 5 శాతం దాకా కలిపి తల్లి ఎలుకలకీ వాటి పిల్లలకీ పెడితే మగవాటి మూత్రాశయంలో గడ్డలొచ్చాయి. 1977లో అమెరికాలో నిషేధిస్తామన్నారు, జనం గోల చేస్తే ప్యాకెట్ల మీద హెచ్చరికతో సరిపెట్టారు. ఎలుక మూత్రం బాగా చిక్కన, అందులో కాల్షియం ఫాస్ఫేట్ పలుకులు కట్టి లోపలి పొరని గీరడం వల్లే ఆ గడ్డలని, మనుషుల్లో అలా జరగదని తర్వాత తేలింది. 2000లో హెచ్చరిక తీసేశారు. గర్భిణులు వేసుకున్న థాలిడోమైడ్ మాత్ర విషయంలో ఉల్టా, ఎలుకలు తట్టుకున్నాయి, మనుషుల బిడ్డలు తట్టుకోలేకపోయారు.

ఎలుకల మీద పరీక్షలు వద్దని నేననను. ఆ జీతంతోనే ఇల్లు గడిచింది. కొత్త మందు లివర్‌ని పాడుచేస్తుందో లేదో ముందు వాటిలోనే చూడాలి. నేను అడిగేది ఒక్కటే, ఎలుకలు అన్న మాట హెడ్డింగ్‌లో పెట్టండి, ఎంత మోతాదు, ఏ మేత అన్నది మొదటి పేరాలో చెప్పండి. షుగర్ మాత్రలు వాడేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా పూట మానొద్దని ఒక్క లైను బాక్సు కట్టినా చాలు.

నిన్న మీ పేజీలో దాల్చిన చెక్క గురించి వచ్చింది. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, "ఒరేయ్, ఇది మనకా, ఎలుకలకా?" అని అడిగింది. చివరిదాకా చదివాను, అందులో రాయలేదు.

— ఒక పాఠకుడు, హైదరాబాద్