31వ అంతస్తు నుంచి అరకిలో టమాటాల కోసం: మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

నమస్కరించి వ్రాయునది.

అయ్యా, హైదరాబాద్ పడమటి అంచున ఉన్న మా కోకాపేటలో ఒక సరుకుల దుకాణం కావాలని ఇంతకుముందు నాలుగు అర్జీలు ఇచ్చుకున్నాను. రెండింటికి రసీదులు వచ్చాయి. మూడోదానికి "సంబంధిత విభాగమునకు పంపడమైనది" అని ఒక వాక్యం సమాధానంగా వచ్చింది. నాలుగోది ఎక్కడుందో ఇచ్చిన నాకూ తెలియదు, తీసుకున్న గుమస్తాకూ తెలియదు. సంబంధిత విభాగం ఏదో కనుక్కుందామని సోమవారం అర్జీల రోజున మళ్లీ వెళితే, ప్లాన్లు చూసేవారు మార్కెట్ల సంగతి చూసేవారిని అడగమన్నారు. మార్కెట్ల సంగతి చూసేవారు స్థలం చూపిస్తే తమకేమీ అభ్యంతరం లేదన్నారు. స్థలాల సంగతి చూసేవారు మాత్రం, కోకాపేటలో ఖాళీ స్థలమా అని నవ్వారు. అందుకని ఐదోసారి నలుగురూ చదివేటట్టు రాస్తున్నాను. ఈసారైనా కాగితం కనబడలేదని అనడానికి వీలుండదు.

విషయం చాలా చిన్నది. కోకాపేటలో మేముంటున్న టవర్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉప్పు, పప్పు, పాలు, కూరగాయలు కొనుక్కోవడానికి ఒక్క దుకాణం లేదు. రెండు టవర్లలో కలిపి నాలుగు వందల పైచిలుకు ఇళ్లున్నాయి. జనం చేరి రెండేళ్లు దాటింది.

ఈ ప్రాంతపు భూముల గురించి తమకు నేను చెప్పవలసిన పని లేదు. 2023 ఆగస్టులో ఇక్కడి 45 ఎకరాల పైచిలుకు భూమి వేలంలో 3,319 కోట్లు పలికినప్పుడు, ఎకరం గరిష్ఠంగా 100 కోట్ల 75 లక్షలకు పోయినప్పుడు, పత్రికలన్నీ మొదటి పేజీల్లో వేశాయి. మా టవర్ ఉన్న స్థలం ఆ వేలంలోది కాదు, దానికి కాస్త పక్కది. అయినా ఆ రోజు రాత్రి నేనొక లెక్క వేసుకున్నాను. ఎకరానికి 4,840 గజాలు కాబట్టి గజం రెండు లక్షల పైమాటే. నాలుగు కూరగాయల షెడ్లకు 300 గజాలు కావాలన్నా ఆరు కోట్లు దాటుతుంది. ఆరు కోట్ల నేల మీద పది రూపాయల కొత్తిమీర కట్ట పెట్టి అమ్మమంటే ఏ అధికారికైనా చేతులు రావని అప్పుడే అర్థమైంది. అర్థం కావడం వేరు, ఆకలి వేరు.

నేను ఉండేది 31వ అంతస్తు. నల్లగొండ జిల్లాలో బడిపంతులుగా పనిచేసి విరమించాక, కొడుకు దగ్గరకు వచ్చి ఉంటున్నాము. మా వంటింటి బాల్కనీలో నిలబడితే రోడ్డుకు అవతల, పాత ఊరి మొదట్లో, నీలం పట్టా కప్పిన కిరాణా కొట్టు కనిపిస్తుంది. పొద్దుటి ఎండ పడినప్పుడు దాని ముందు వేలాడే చిప్స్ ప్యాకెట్ల దండలు మెరుస్తుంటే అవి కూడా కనిపిస్తాయి. పక్షిలా ఎగిరి వెళ్లగలిగితే అరకిలోమీటరు కూడా ఉండదు. నేల మీద నడవవలసిన వాడికి మాత్రం ముందు లిఫ్టు, తర్వాత గేటు, ఆ తర్వాత ఫుట్‌పాత్ పేరుతో పరిచిన రాళ్లు, ఆ రాళ్లను రెండుగా చీల్చుకుని నిలబడిన ట్రాన్స్‌ఫార్మర్, దాన్ని తప్పుకోవడానికి రోడ్డు మీదికి దిగితే వెనక నుంచి రెడీమిక్స్ లారీలు, ఇవన్నీ దాటుకుని వచ్చాక నడిమధ్యన నడుమెత్తు డివైడరు. దానికి ఎక్కడా సందు లేదు. యూటర్న్ దాకా పోయి, ప్రాణాలు అరచేత పట్టుకుని అవతలికి దాటి, మళ్లీ అంత దూరమూ వెనక్కి రావాలి. ఫోనులో కొలిచి చూశాను, పోవడానికి 1.9 కిలోమీటర్లు. రావడానికి అంతే, కాకపోతే చేతిలో సంచి బరువు అదనం. ఆటో మాట్లాడుకుంటే పోనూ రానూ 140 రూపాయలు అడుగుతాడు. అరకిలో టమాటాలు 15 రూపాయలు.

నా భార్యకు రెండు మోకాళ్లూ అరిగాయి. ఆమె ఈ రెండేళ్లలో ఆ కొట్టును బాల్కనీ నుంచి చూడటమే తప్ప ఒక్కసారి కూడా దాని గడప తొక్కలేదు. పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా చింతపండు అయిపోయిందని తెలిస్తే, ఊళ్లో ఉన్నప్పుడు పక్కింటి పిల్లవాణ్ణి పంపేది. ఇక్కడ పప్పు దింపి పక్కన పెడుతుంది.

ఈ మాట చెప్పగానే తమ కార్యాలయాలలో ప్రతి బల్ల దగ్గరా ఒకటే పరిష్కారం దొరికింది: "యాప్‌లో పెట్టుకోండి సార్, పది నిమిషాల్లో వస్తుంది." నిజమే, వస్తుంది. మా అబ్బాయి ఇంట్లో ఉంటే తెప్పిస్తాడు కూడా. అయితే రెండు వందల సరుకు తీసుకోకపోతే డెలివరీ చార్జీ, తీసుకున్నా హ్యాండ్లింగ్ చార్జీ, వాన పడితే వాన చార్జీ. వంకాయ కొనేటప్పుడు తొడిమ చూడాలి, బెండకాయ కొనేటప్పుడు కొస విరిచి చూడాలి. ఫోను అద్దం మీద ఏం విరుస్తాము? మొన్న ఉగాది పొద్దున ఏడు గంటలకు వేపపువ్వు కోసం చూస్తే, రెండు వేపరెమ్మలు, ఒక మామిడికాయ ముక్క, చిటికెడు కొత్త చింతపండు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి 129 రూపాయలన్నారు. సరే, ఏడాదికొక్క పండుగ కదా అని నొక్కేలోపు సరుకు అయిపోయిందని వచ్చింది. ఈ ఏడాది పచ్చడి ఐదు రుచులతోనే చేసుకున్నాము. చేదు వేయకపోయినా లోటేమీ తెలియలేదు, ఆ ముందు సోమవారమే నేను తమ కార్యాలయానికి వెళ్లి వచ్చాను.

కొత్తిమీర విషయంలో ప్రభుత్వం ఒక పౌరుడికి ఇవ్వగలిగిన సమాధానం ఒక ప్రైవేటు యాపే అయితే, ఆ సమాధానం చెప్పడానికి ఒక శాఖ, ఆ శాఖకు అన్ని కార్యాలయాలు, వాటిలో అన్ని బల్లలు ఎందుకో తామే చెప్పాలి. కఠినంగా రాశాననుకోవద్దు. తమ మీద గౌరవం ఉండబట్టే అడుగుతున్నాను.

కోట్లు పోసి ఫ్లాట్లు కొన్నవారికి ఉల్లిగడ్డల కష్టమేమిటని ఇది చదివినవారు నవ్వుతారని తెలుసు. నవ్వవచ్చు. కానీ ఈ టవర్లలో పొద్దున్నుంచి రాత్రి దాకా ఉండేవారిలో ఫ్లాట్లు కొన్నవారు తక్కువ. కొన్నవారు ఆఫీసులకు పోతారు. ఉండేది మావంటి ముసలివారు, గేటు దగ్గర పన్నెండు గంటల డ్యూటీ చేసే సెక్యూరిటీ వారు, హౌస్‌కీపింగ్ ఆడవారు, ఇళ్లలో పనిచేసేవారు, పక్కనే లేస్తున్న టవర్‌లో పని చేస్తూ రేకుల గదుల్లో ఉండే బీహారు, ఒడిశా కూలీలు. వారికి కావలసింది పది రూపాయల టీపొడి ప్యాకెట్టు, ఇరవై రూపాయల నూనె, రెండు గుడ్లు. ఏ యాప్ రెండు గుడ్లు తెచ్చిపెడుతుంది? మా ఇంట్లో పనిచేసే ఆమె పాత ఊళ్లో ఉంటుంది. ఇప్పుడు మా అంతస్తులో నాలుగు ఇళ్లకు కరివేపాకు, పచ్చిమిరపకాయలు ఆమే తెస్తుంది. సాయంత్రం వెళ్లేటప్పుడు గేటు దగ్గర ఆమె సంచి విప్పించి చూస్తారు. పొద్దున మనకోసం మోసుకొచ్చిన సంచే అది. నాకు తలకొట్టేసినట్టుంటుంది.

ఇక్కడ కూరగాయలే దొరకవనుకుంటే పొరపాటు. నిద్ర పట్టని రాత్రుల్లో, తెల్లవారుజామున మూడున్నర నాలుగు మధ్య, బాల్కనీలోంచి నేను రోజూ చూసేది కూరగాయలనే. శంకర్‌పల్లి వైపు పొలాల నుంచి టమాటా, పాలకూర, పుంటికూర, కాలీఫ్లవర్ నింపుకున్న ట్రాలీ ఆటోలు మా గేటు ముందు నుంచే మెహిదీపట్నం వైపు వరసగా పోతాయి. అక్కడ దిగి, చేతులు మారి, ఏదో గిడ్డంగిలో ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, అదే పాలకూర పదింటికి బైకు మీద మా గేటుకు తిరిగి వస్తుంది. రైతుకు ఎంత వచ్చిందో దేవుడికెరుక. 1999లో రైతుబజార్లు పెట్టినప్పుడు దళారీ లేకుండా రైతు తానే వచ్చి అమ్ముకోవాలని, ఆ రోజు ధర బోర్డు మీద రాసి పెట్టాలని చెప్పారు. మెహిదీపట్నం, ఎర్రగడ్డ రైతుబజార్లలో ఆ బోర్డు చదివి బేరమాడే జనాన్ని నేను కళ్లారా చూశాను. నగరం పడమరకు ఇంత పెరిగింది. బోర్డు మాత్రం మా గేటు దాకా రాలేదు.

ఆగి అమ్మినవారు లేరా అంటే, ఉన్నారు. పోయిన ఏడాది ఒక రైతు దంపతులు సాయంత్రం నాలుగింటికి ట్రాలీ ఆటో మా ప్రహరీ పక్కన ఆపి, గొడుగు పాతి, తూకం పెట్టి ఏడు నెలలు అమ్మారు. ఆ ఏడు నెలలు మా టవర్‌లో మనుషులు ఒకరి పేర్లు ఒకరు తెలుసుకున్నారు. నా భార్య లిఫ్టు దిగి, కర్ర పట్టుకుని వెళ్లి, ఆమెతో పది నిమిషాలు మాట్లాడి, కొసరు కరివేపాకు వేయించుకుని వచ్చేది. ఒక రోజు ఐదింటికి వాహనం వచ్చింది. ఆక్రమణ అన్నారు. తూకం రాయి, గొడుగు ఎక్కించుకుని వెళ్లిపోయారు. సొరకాయ ఒకటి దొర్లి మురికికాలువ పక్కన పడితే, ఆ రైతు దాన్ని తీసి తుడిచి ఆటోలో పెట్టుకున్నాడు. నోటీసు ఏదని నేను అడిగాను. "పెద్దవారు, మీకెందుకు సార్" అన్నారు. వీధి వర్తకుల చట్టం 2014లో వచ్చింది. సర్వే పూర్తయ్యే దాకా ఉన్నవారిని తొలగించరాదని, తొలగించవలసి వస్తే ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలని, జనాభాలో రెండున్నర శాతం దాకా వీధి వర్తకులకు చోటు కల్పించాలని అందులో ఉన్నదని పిల్లలకు పౌరశాస్త్రం చెప్పిన నాకు గుర్తుంది. ఆ రోజు వచ్చినవారికి గుర్తులేనట్టుంది.

సరే, రోడ్డు మీద వద్దు, లోపలే ఉండాలంటారా? లోపల చోటు ఉన్నది. మన నగరంలో ఎఫ్‌ఎస్‌ఐకి, అంటే స్థలాన్ని బట్టి ఎంత కట్టవచ్చన్న లెక్కకు, పరిమితి లేదు కాబట్టి అంతస్తుల మీద అంతస్తులు వేసుకోనిచ్చారు, బాగుంది. కానీ 2012 నాటి 168వ నంబరు జీవోలోనే, పెద్ద గ్రూప్ హౌసింగ్ కట్టేవారు మొత్తం నిర్మాణంలో 3 శాతమో 50 వేల చదరపు అడుగులో, ఏది తక్కువైతే అంత, ఉమ్మడి సదుపాయాలకు విడిచిపెట్టాలని కూడా రాశారు. క్లబ్‌హౌస్, కమ్యూనిటీ హాలుతో పాటు నిత్యావసరాల దుకాణాల మాట కూడా అందులోనే ఉంది. మాకు చూపించిన బ్రోచరులో గేటు పక్కన కింది అంతస్తులో "మినీ సూపర్ మార్కెట్" అని ఆకుపచ్చ రంగు గడి ఉండేది. ఆ గడి ఇప్పుడు అద్దాల గది. లోపల కాఫీ యంత్రం, రాబోయే మూడో టవర్ అట్టబొమ్మ, దాని చుట్టూ ప్లాస్టిక్ చెట్లు. ఫ్లాట్లు అమ్మే ఆఫీసు. ఆ అట్టబొమ్మలో కూడా, గమనించి చూశాను, ఒక చిన్న దుకాణం బొమ్మ పెట్టారు. దానికి పండ్ల బుట్టలు కూడా ఉన్నాయి.

ఓసీ, అంటే ఇళ్లలో జనం చేరవచ్చన్న అనుమతి పత్రం, ఇచ్చేటప్పుడు ప్లానులో ఉన్నది నేల మీద ఉందా లేదా చూడవలసినవారు ఎవరు? ఇది నేను నాలుగు అర్జీలలోనూ అడిగాను. తమను ఐదోసారి అడుగుతున్నాను. చూశారా, చూసి వదిలేశారా, చూడటానికి వచ్చి కాఫీ తాగి వెళ్లారా?

మేము మాల్ కావాలని అడగడం లేదు. ప్లానులో దుకాణమని రాసిన గదిలో దుకాణం పెట్టించండి. అది వెంటనే కాదంటే వారానికి రెండు సాయంత్రాలు గేటు పక్కన అంగడి పెట్టుకోనివ్వండి. అదీ కాదంటే, 2020 లాక్‌డౌన్‌లో మొబైల్ రైతుబజార్లని కాలనీలకు, అపార్ట్‌మెంట్లకు కూరగాయల బండ్లు పంపారు కదా, ఆ బండ్లలో ఒక్కటి ఇటు తిప్పండి. ఆ కరోనా రోజుల్లో చేతనైనది ఇప్పుడెందుకు చేతకాదో నాకు బోధపడటం లేదు. ఆ డివైడరుకు ఒక సందు, ఆ సందుకొక సిగ్నలు పెట్టించినా మాలో నడవగలిగినవారు వెళ్లి వస్తారు. వీటిలో ఏదైనా ఒక్కటి చేయండి. ఏది చేస్తారన్నది తమ చిత్తం.

ఆ రైతు ఫోను నంబరు నా దగ్గర ఉంది. పోయిన వారం మాట్లాడాను. ఇప్పుడు తెల్లవారుజామునే మెహిదీపట్నం పోయి టోకున ఇచ్చి వస్తున్నాడట. మా సొరకాయలు మీ ఇంట్లో ఎట్లున్నయి సార్ అని నవ్వాడు. మళ్లీ వస్తావా అంటే, "ఆపొద్దని ఒక్క కాయితం మీద రాసిస్తే రేపే వస్త" అన్నాడు. ఆ కాగితం కోసమే ఈ లేఖ.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కోకాపేట